అప్పు ఇచ్చే ముందు అడుగుతాం, కొలువులో చేరే ముందు కూడా అడుగుదాం

(వరంగల్‌లో జరిగిన వార్షిక సర్వసభ్య సమావేశంలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి వసూళ్లు ఇప్పటిదాకా విన్నాం. మాకు అప్పగించిన విషయం మాత్రం మన ఏ రిజిస్టర్‌లోనూ లేనిది. అది మన పిల్లల కొలువుల సంగతి. సంఘం పెట్టిన కొత్తలో చంకలో బిడ్డనెత్తుకొని మీటింగుకు వచ్చినవాళ్లం మనం. ఆ బిడ్డ ఇప్పుడు డిగ్రీ పాసైంది. కొందరి పిల్లలు బీటెక్, కొందరి పిల్లలు నర్సింగ్, ఇంకొందరి పిల్లలు బీఎడ్ చదివారు. ఆ ఫీజుల్లో మన సంఘం అప్పులు ఎన్ని ఉన్నాయో మనకే తెలుసు. చదువైతే చెప్పించాం. చదువు అయిపోయాక ఏ దిక్కు పోవాలో చెప్పే మనిషి మన ఇండ్లల్లో లేరు. ఆ ఖాళీ చూసుకొని వస్తున్నవాడు బ్రోకరు.

వాడి మాట ఎట్లుంటదో మీలో చాలామంది విన్నారు. "అవుట్‌సోర్సింగ్ పోస్టు ఉన్నదక్కా, పెద్దసారు మనోడే, లక్షన్నర కడితే నెలలోపు ఆర్డరు చేతికొస్తది, ఎవ్వరికీ చెప్పకు, పోటీ ఎక్కువున్నది" అంటాడు. తల్లి ఆశపడుతుంది. సంఘంలో బర్రెల కోసమని అప్పు రాయించుకుంటుంది. బర్రె రాదు, ఆర్డరూ రాదు. వచ్చినా నాలుగు నెలలకు ఆ కాంట్రాక్టు అయిపోయిందంటారు. బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా వస్తూనే ఉంటుంది. ఆ ఒక్క ఇల్లు కట్టకపోతే సంఘం ఖాతా ఆగుతుంది, మిగతా తొమ్మిది మందికి వచ్చే లింకేజీ ఆలస్యమవుతుంది. ఒక ఇంటి ఆశ పది ఇండ్ల మీద పడుతుంది. కాబట్టి కొలువు వెతకడం ఇంటి విషయం, సంఘానికేం పని అనుకోవద్దు.

ఈ రోజు మేము చెప్పేది ఒక్కటే మాట. అప్పు అడిగిన సభ్యురాలిని మనం ఎన్ని ప్రశ్నలు అడుగుతాం? ఎందుకు, ఎంత, ఎట్ల కడతావు, పోయిన అప్పు తీరిందా, ఇంట్లో ఒప్పుకున్నారా అని అడుగుతాం. సంతకం పెట్టించుకొని పుస్తకంలో రాస్తాం. ఇరవై వేల అప్పుకే ఇంత విచారణ చేసే మనం, బిడ్డ బతుకును అప్పజెప్పే కొలువు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఎట్ల పంపిస్తాం? సంఘంలో నేర్చిన విచారణే కొలువు దగ్గర కూడా చేద్దాం. ఎక్కడెక్కడ, ఎట్ల చేయాలో వరుసగా చెప్పుకుందాం.

మొదట కాగితాలు

కొలువు వెతకడం ఇంటర్వ్యూతో మొదలు కాదు, పెట్టెలో ఉన్న కాగితాలతో మొదలవుతుంది. పదో తరగతి మెమోలో పేరు ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో తీరు ఉంటే బిడ్డ ఎక్కడ చేరినా చిక్కే. పీఎఫ్ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవకపోతే రేపు ఆ పైసలు తీసుకోవడానికి తిరగాల్సి వస్తుంది. పదో తరగతి మెమోను ఆధారం చేసుకొని మిగతా కాగితాలన్నీ దానికి కలిసేటట్టు ఇప్పుడే దిద్దించండి. పెండ్లి అయిన వెంటనే ఆధార్‌లో ఇంటిపేరు మార్పించడం చాలా ఇండ్లల్లో అలవాటు. సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరు మీద ఉన్న పిల్లకు ఆ మార్పుతో తిప్పలు వస్తాయి. ఒకసారి ఆలోచించి చేయండి.

ఫీజు బకాయి ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీల సంగతి మనకు తెలుసు. ఒరిజినల్స్ తమ దగ్గర పట్టి ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. నోటిమాటగా బతిమాలకుండా దరఖాస్తు రాసి ఇవ్వండి, దాని నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. అదే విధంగా కొలువిచ్చేవాళ్లకు ఒరిజినల్స్ చూపించాలి, జిరాక్సులు ఇవ్వాలి, ఒరిజినల్స్ వెంటనే వెనక్కి తెచ్చుకోవాలి. మా దగ్గరే పెట్టిపో అన్నచోట పిల్లను పెట్టకండి. రేపు ఆ కొలువు వదలాలన్నా వాళ్లు వదలనియ్యరు.

ఇంకో చిన్న సంగతి. ఇంటర్నెట్ సెంటర్ పిల్లగాడు తీసిచ్చిన ఈ మెయిల్ ఐడీ, దాని పాస్‌వర్డు వాడికే తెలుసు. ఇంటర్వ్యూ కబురు అందులో వచ్చి పడి ఉంటుంది, పిల్లకు తెలియదు. ఈ మెయిల్, ఫోన్ నంబరు పిల్ల సొంతవి కావాలి. పాస్‌వర్డు ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలి. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరును రీచార్జి లేక పోగొట్టుకోవద్దు.

వెతకడం ఎక్కడ

కొలువంటే హైదరాబాదే అనుకునే రోజులు కొంత మారాయి. గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. పిల్లల బట్టలు కుట్టే కేరళ కంపెనీ కిటెక్స్, కొరియా కంపెనీ యంగ్‌వన్ అక్కడికి వచ్చాయి. మడికొండలో 2020లో ఐటీ కంపెనీల కేంద్రాలు మొదలయ్యాయి. ఊరి నుంచి రోజూ పోయి వచ్చే కొలువులు ముందు చూడండి. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు. నెలకు బస్సు ఖర్చు మిగులుతుందంటే ఆ మేరకు జీతం పెరిగినట్టే. కానీ షిఫ్టు ఎన్నింటికి వదులుతుంది, మన ఊరికి ఆఖరు బస్సు ఎన్నింటికి అన్నది కొలువులో చేరకముందే కనుక్కోవాలి. బస్సు దొరకని షిఫ్టుకు కంపెనీ వాహనం ఉందా అని అడగాలి. ఉందంటే ఊరి దాకా వస్తుందా, రోడ్డు మీద దింపి పోతుందా అని కూడా అడగాలి.

శిక్షణ కావాలంటే పైసలు కట్టే ఇన్‌స్టిట్యూట్ల కంటే ముందు ఉచితంగా ఉన్నవి చూడండి. 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన గ్రామీణ పేద యువతకు పైసా లేకుండా శిక్షణ ఇచ్చి కొలువు చూపే పథకం. యువతకు 35 ఏండ్ల దాకా, ఆడవాళ్లకు 45 ఏండ్ల దాకా అవకాశం ఉంది. మన రాష్ట్రంలో దీన్ని ఈజీఎంఎం చూస్తుంది, దారి మన ఐకేపీ ఆఫీసు నుంచే. సొంతంగా పని పెట్టుకునేవాళ్లకు హసన్‌పర్తిలో స్టేట్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. అక్కడ శిక్షణ, భోజనం, వసతి ఉచితం. డిగ్రీ, బీటెక్ పిల్లలకు టాస్క్ ఉంది.

ఇంటర్వ్యూలో మన పిల్లలు వెనకబడేది చదువులో కాదు, నోరు విప్పడంలో. "మీ గురించి చెప్పండి" అంటే పేరు, ఊరు చెప్పి ఆగిపోతారు. చదివింది ఏంది, చేతనైన పని ఏంది, ఈ కొలువుకు తాను ఎందుకు పనికొస్తుంది అన్న మూడు ముక్కలు తెలుగులో ధీమాగా చెప్పడం ముందు రావాలి, ఇంగ్లిష్ ఆ తర్వాత. దీనికి కోచింగ్ సెంటర్ అక్కర్లేదు. పదిమంది ముందు నిలబడి మాట్లాడడం మనం నేర్చుకున్నది సంఘం మీటింగులోనే. మొదటిసారి పేరు చెప్పుకోవడానికే వణికిన మనం ఇప్పుడు బ్యాంకు మేనేజర్‌తో వాదిస్తున్నాం. ఆ పది నిమిషాలు మన పిల్లలకు కూడా ఇద్దాం.

పైసలు అడిగితే అది కొలువు కాదు

కొలువంటే వాళ్లు మనకు పైసలిచ్చేది, మనం వాళ్లకిచ్చేది కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, యూనిఫాం ఖర్చు, ల్యాప్‌టాప్ ఖర్చు, ఏ పేరు పెట్టి అడిగినా అక్కడే ఆగండి. సర్కారు పరీక్షల దరఖాస్తు ఫీజు సంగతి వేరు. అది నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది, ఆన్‌లైన్‌లో కడతాం, రసీదు వస్తుంది.

ఫోన్‌లో వచ్చేవి ఇంకో తీరు మోసాలు. ఇంట్లో కూర్చొని వీడియోలకు లైకు కొడితే రోజుకు ఇన్ని వందలంటారు. మొదటి రోజు నిజంగానే కొంచెం వేస్తారు. నమ్మకం కుదిరినాక, ఇంత కడితే ఇంతకింత వస్తుందని వేలు గుంజుతారు. అట్ల పోగొట్టుకుంటే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ పైసలు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సర్కారు పోస్టుకు లంచం అడిగితే ఏసీబీ నంబరు 1064 ఉంది. లంచం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమేనని 2018లో చట్టం మార్చి మరీ రాశారు. బ్రోకరు "ఎవ్వరికీ చెప్పకు" అనేది అందుకే. ఎవ్వరికీ చెప్పొద్దన్న కొలువును ముందు సంఘంలో చెప్పండి.

జీతం లెక్క మనమే వేసుకోవాలి

"నెలకు పదిహేను వేలక్కా" అని పిల్ల చెప్పగానే సంబరపడతాం. పొదుపు పుస్తకం రాసే మనం ఆ లెక్కను కూడా రాసి చూడాలి. పదిహేను వేల మీద పీఎఫ్ 12 శాతం అంటే 1,800 కోత. ఈఎస్ఐ 0.75 శాతం అంటే 113. చేతికొచ్చేది 13,087. హైదరాబాద్ హాస్టల్‌కు ఆరు వేలు, మిగతా ఖర్చులకు రెండు వేలు అనుకుంటే మిగిలేది ఐదు వేలు. అదే పిల్లకు వరంగల్‌లో పదకొండు వేల కొలువు దొరికి ఇంటి నుంచే పోయి వస్తే మిగిలేది ఎక్కువ. అట్లని హైదరాబాద్ పోవద్దని మేము చెప్పడం లేదు. అక్కడ నేర్చుకునే పని రేపు పెద్ద జీతం తెస్తుందంటే తప్పకుండా పోవాలి. లెక్క తెలిసి పోవాలి. బీటెక్ పిల్లలకు చెప్పే ఏడాది ప్యాకేజీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా లాంటివి కూడా కలిపి చెబుతారు. అందుకే "చేతికి ఎంత వస్తుంది" అని విడిగా అడగాలి.

పీఎఫ్, ఈఎస్ఐ కోతలను చూసి బాధపడకండి, అవి మన పైసలే. ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. కంపెనీ కూడా 12 శాతం వేయాలి. జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది, పిల్లకూ ఆమె మీద ఆధారపడినవాళ్లకూ వైద్యం దొరుకుతుంది. కోత కోసి ఖాతాలో వేయని వాళ్లు కూడా ఉంటారు. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ కనిపిస్తుంది. మన సంఘం పాస్‌బుక్ నెల నెలా చూసినట్టే దాన్ని కూడా చూడాలి.

చేరిన తర్వాత

మొదటి రోజు నియామక పత్రం అడగాలి. అందులో పని ఏంది, జీతం ఎంత, ఎన్ని గంటలు, సెలవులు ఎన్ని, మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి చదవాలి. రెండేండ్లు మానకూడదు, మానితే ఇంత కట్టాలి అనే బాండు ఉంటే సంతకానికి ముందు ఇంటికి తెచ్చి చదివిన మనిషికి చూపించాలి. నెల నెలా జీతం చీటీ దాచిపెట్టాలి.

కొలువు మారేటప్పుడు అలిగి ఫోన్ ఆపేసి ఇంటికి రావద్దు. రాజీనామా రాసి, చెప్పిన రోజులు పనిచేసి, అనుభవ పత్రం తీసుకొని రావాలి. తర్వాతి కొలువుకు అదే పెట్టుబడి. పీఎఫ్ పైసలు మొత్తం తీసేయకుండా కొత్త కంపెనీకి మార్పించుకోవాలి. పీఎఫ్ పింఛను రావాలంటే మొత్తం పదేండ్ల సర్వీసు కావాలి. పెండ్లికని ఒకసారి, పురుడుకని ఒకసారి ఖాతా మూసుకుంటూ పోతే ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

పురుడు అంటే కొలువు మానడమే అనుకుంటారు చాలా ఇండ్లల్లో. చట్టం అట్ల చెప్పదు. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఆ జీతం ఈఎస్ఐ నుంచే వస్తుంది. యాభై మంది, ఆపైన పనిచేసే చోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలి. అత్తగార్లుగా మనం ఈ మాట తెలుసుకోవాలి. కోడలి కొలువు ఆగిపోయేది చాలాసార్లు కంపెనీలో కాదు, "పొయ్యి కాడ ఎవరుంటరు" అని మన ఇంట్లో అన్న మాట దగ్గర.

ఇంకొకటి, గొంతు తగ్గించి చెప్పుకునేది. పనిచోట ఎవరైనా చెయ్యి వేసినా, చెడు మాట అన్నా, తప్పు మనదే అన్నట్టు పిల్ల ఏడ్చుకుంటూ కొలువు మానేస్తుంది. 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి. అంతకన్నా చిన్న చోట అయితే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి రాయవచ్చు. మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. 181కి కూడా ఫోన్ చేయవచ్చు. ఇంట్లో మాత్రం మొదటి మాట "ఇగ కొలువు బంద్" అని అనకండి. అట్ల అంటారన్న భయంతోనే పిల్లలు మనకు చెప్పడం లేదు.

సర్కారు కొలువు కోసం చూసేవాళ్లకు

హన్మకొండలో గది తీసుకొని గ్రూప్స్‌కు చదివే పిల్లలు మనకూ ఉన్నారు. వాళ్లను నిరుత్సాహపరచొద్దు. కానీ 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబర్‌లో పెట్టిన ప్రిలిమ్స్ పేపర్ లీకుతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ పెట్టింది హైకోర్టు తీర్పుతో పోయింది, కొత్త నోటిఫికేషన్ మీద 2024 జూన్ 9న మూడోసారి రాశారు. పిల్లల తప్పు ఏమీ లేకుండానే రెండేండ్లు పోయాయి. అప్పుకు వాయిదాల గడువు పెట్టుకున్నట్టే చదువుకునే కాలానికి కూడా ఇంట్లో కూర్చొని గడువు పెట్టుకోండి. ఆ లోపల చిన్నదైనా ఒక పని, ఒక శిక్షణ పక్కన ఉండాలి. సర్కారు పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఆ స్థానికత 1 నుంచి 7వ తరగతి దాకా చదివిన బడిని బట్టి చూస్తారు. బోనఫైడ్ సర్టిఫికెట్లు బడి నుంచి ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ఆ ప్రైవేటు బడి మూతపడ్డాక రికార్డుల కోసం తిరగడం కష్టం.

మన వయసు అక్కల కోసం

కొలువు పిల్లలకే కాదు. 2024 నుంచి సర్కారు బడి పిల్లల యూనిఫాంలు మన సంఘాల అక్కలే కుడుతున్నారు. ఆ చేతులకు గార్మెంటు ఫ్యాక్టరీలో కూడా పని ఉంటుంది. కానీ తేడా తెలుసుకొని పోవాలి. ఇంటి మిషను మీద మనం చొక్కా అంతా కుడతాం. ఫ్యాక్టరీలో కరెంటు మిషను మీద ఒకరు కాలరు, ఒకరు చెయ్యి, ఒకరు గుండీలు. గంటకు ఇన్ని అని టార్గెట్ ఉంటుంది. పది రోజులు చేతికి అలవాటు కావాలి. మొదటి రోజే "నాతో కాదు" అని తిరిగి రావద్దు.

ఇరవై ఏండ్లు సంఘం పుస్తకాలు రాసిన అక్క తన బయోడేటాలో "అనుభవం లేదు" అని రాస్తుంది. లక్షల రూపాయల లెక్క రాయడం, బ్యాంకుకు పోవడం, పదిమంది గొడవ తీర్చడం అనుభవం కాకపోతే ఇంకేంది? అది రాయండి.

ఈ ఊరు మిల్లును చూసిన ఊరు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లును నమ్ముకొని వరంగల్‌లో ఎన్నో కుటుంబాలు బతికాయి. మిల్లు మూతపడింది. పని తెలిసినవాళ్లు సూరత్, భివండి దాకా పోయి బతికారు. కంపెనీ మూతపడవచ్చు, చేతిలో పని, పెట్టెలో కాగితం, ఖాతాలో పీఎఫ్ ఉన్న మనిషి మళ్లీ నిలబడుతుంది.

సంఘాలు చేయాల్సిన పని

ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాం. ప్రతి గ్రామైక్య సంఘంలో ఒక కొలువు రిజిస్టర్ పెట్టాలి. ఊళ్లో చదువు పూర్తయిన పిల్లలు ఎవరు, ఏం చదివారు, ఎక్కడ చేరారు, జీతం ఎంత, ఎందుకు మానారు అన్నది రాయాలి. ఒక పిల్ల మోసపోయిన చోటుకు ఇంకో పిల్ల పోకుండా ఆ పుస్తకమే ఆపుతుంది. రెండోది, నెలకు ఒక మీటింగులో పది నిమిషాలు పిల్లలతో మాట్లాడించాలి. ఇప్పటికే కొలువులో ఉన్న పిల్లను పిలిచి ప్రశ్నలు అడిగించాలి. మూడోది, కొలువు కోసం ఎవరికైనా కట్టడానికి సంఘం నుంచి అప్పు ఇవ్వకూడదని తీర్మానం రాయాలి. శిక్షణకు, హాస్టల్‌కు, మొదటి నెల ఖర్చుకు అయితే ఇద్దాం. రసీదు లేని చేతికి మాత్రం ఇవ్వం.

ఇవి ఈ రోజే మినిట్స్‌లో రాయించుకొని, వచ్చే నెల మీటింగు నుంచి మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.